ఆఖరి పీరియడు

బాలికల ఉన్నత పాఠశాలలో చదువుకున్నవాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది. అది అలవాటని వాళ్ళకే చాలా ఆలస్యంగా తెలుస్తుంది. బల్ల పక్కకు జరపవలసి వస్తే మగవాళ్ళెవరైనా ఉన్నారా అని చుట్టూ చూడరు. ఆ చివర నువ్వు పట్టుకో, ఈ చివర నేను పట్టుకుంటానని జరిపేస్తారు. మా బడిలో అన్ని పనులూ మావే కదా! వార్షికోత్సవానికి తోరణాలు కట్టడానికి నిచ్చెన ఎక్కేది ఆడపిల్ల. మైకుసెట్టు అతను తీగలు బిగిస్తుంటే "హలో, మైక్ టెస్టింగ్" అనేది ఆడపిల్ల. సభకు అధ్యక్షురాలు ఆడపిల్ల, కోశాధికారి ఆడపిల్ల, ఆఖరికి నాటకంలో కాటుకతో మీసాలు దిద్దుకుని తొడ చరిచే దుర్యోధనుడు కూడా ఆడపిల్లే.

నేను చదివినది 1980ల నడుమ, కృష్ణా డెల్టాలో ఒక తాలూకా కేంద్రంలో. (నేను చదువుతుండగానే, 1985లో, తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. బడి బోర్డు మీద రంగు మాత్రం చాలాకాలం మారలేదు.) పాఠ్యేతర కార్యక్రమాలన్న పెద్దమాట అప్పట్లో మేమెరుగం. టైంటేబులులో శుక్రవారం ఆఖరి రెండు పీరియడ్లకు ఎదురుగా "సా.సం." అని రెండు అక్షరాలుండేవి. సాహితీ సంఘమని దాని అర్థం. సోమ, బుధవారాల్లో ఆఖరి పీరియడు డ్రిల్లు, మంగళవారం కుట్లు-అల్లికలు, గురువారం సైన్సు క్లబ్బు. సైన్సు క్లబ్బంటే నాకు గుర్తున్నది అమ్మోనియం డైక్రోమేటు అగ్నిపర్వతమే. నారింజరంగు పలుకులు నిప్పురవ్వలు చిమ్ముతూ ఆకుపచ్చని బూడిదగా పొంగేవి. ఏడాదికొక్కసారి, తనిఖీ రోజున, అదే అగ్నిపర్వతం బద్దలయ్యేది.

సాహితీ సంఘం అలా కాదు. అది వారం వారం జరిగేది, నియమం ప్రకారం జరిగేది. తరగతికొక కార్యదర్శి. ఆమె చేతికొక అట్టబైండు పుస్తకం. దాని పేరు మినిట్సు పుస్తకం. "శుక్రవారము మధ్యాహ్నము 3 గంటల 10 నిమిషములకు తొమ్మిదవ తరగతి బి విభాగము సాహితీ సంఘ సమావేశము జరిగినది" అని మొదలుపెట్టి, ఎవరేమి మాట్లాడారో, ఏ తీర్మానం ఎవరు ప్రతిపాదించారో, ఎవరు బలపరిచారో రాయాలి. మాటల్లో "జరిగింది" అనే మేము పుస్తకంలో మాత్రం "జరిగినది" అని రాసేవాళ్ళం. కొట్టివేతలుండకూడదు. కొట్టివేస్తే పక్కన పొట్టి సంతకం ఉండాలి. పద్నాలుగేళ్ళ పిల్లలకు ఈ తతంగమంతా ఎందుకని మా నాన్న నవ్వేవారు. దాని ఫలితం కాసేపట్లో చెబుతాను.

చర్చల్లో విషయాలు మీరందరూ ఎరిగినవే. కత్తి గొప్పదా కలం గొప్పదా, పల్లె మేలా పట్నం మేలా. ఏటా ఒక్కసారి తప్పనిసరిగా వచ్చే విషయం, "స్త్రీలు ఉద్యోగములు చేయవచ్చునా?" ఈ చర్చకు న్యాయనిర్ణేతలు ముగ్గురూ ఉద్యోగం చేస్తున్న స్త్రీలే! అయినా చర్చ చర్చే. చీటీలు తీసి పక్షాలు నిర్ణయించేవారు. ఒక ఏడు మా తరగతిలో అందరికంటే గట్టిగా మాట్లాడే పిల్లకు "చేయరాదు" అన్న చీటీ వచ్చింది. ఆ పిల్ల లేచి, ఉద్యోగం చేసే స్త్రీ ఎన్ని గంటలకు లేస్తుందో, ఎన్ని గంటలకు పడుకుంటుందో, నడుమ ఎంతమందికి వండుతుందో గంటల లెక్కన ఏకరువు పెట్టి, "కనుక ఇంటిపని మగవారు పంచుకొను వరకు స్త్రీలు ఉద్యోగములు చేయరాదు" అని ముగించి కూర్చుంది. మొదటి బహుమతి ఆమెకే వచ్చింది. తెలుగు టీచరుగారు మార్కుల కాగితం మడుస్తూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఎందుకో మాకు అప్పుడు అర్థం కాలేదు.

వక్తృత్వపు పోటీల్లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ కథ లేని సంవత్సరం ఉండేది కాదు. 1923 కాకినాడ కాంగ్రెసు మహాసభల సందర్భంగా ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర వాలంటీరుగా నిలబడిన పద్నాలుగేళ్ళ దుర్గాబాయి, టిక్కెట్టు లేదని సాక్షాత్తూ జవహర్లాల్ నెహ్రూనే ఆపివేసింది. నిర్వాహకులు టిక్కెట్టు కొని ఇచ్చాకనే లోపలికి పంపింది. ఈ కథను మా పిల్లలు దేశభక్తి కథగా, ధైర్యం కథగా చేతులూపుతూ చెప్పేవాళ్ళు. నా మటుకు నాకు ఇప్పుడది వేరుగా వినిపిస్తుంది. ఆ అమ్మాయికి ఎవరో ఒక ద్వారం అప్పగించారు. "ఇక్కడ నిలబడు, టిక్కెట్టు లేనివాళ్ళను పంపకు" అని ఒక పని చెప్పి, ఆ పని మీద పూర్తి అధికారం ఇచ్చారు. తరువాత ఆవిడ మద్రాసులో పిల్లలను పోగుచేసి నడిపిన చిన్న క్లబ్బు నుంచే 1937లో ఆంధ్ర మహిళాసభ పుట్టింది. ఈ సంగతి మాత్రం మా పోటీల్లో ఎవరూ చెప్పేవారు కాదు. చప్పట్లు నెహ్రూ దగ్గరే పడతాయి కదా.

ఇంతకీ మినిట్సు పుస్తకం సంగతి. మా సంఘానికి అనుబంధంగా నెలకొక గోడపత్రిక ఉండేది. పెద్ద అట్ట మీద తెల్లకాగితాలు అంటించి, అంచులకు రంగుకాగితం కత్తిరించి, పెద్ద టీచరుగారి గది బయట తగిలించేవాళ్ళం. జిగురు మేమే మైదా ఉడికించి చేసేవాళ్ళం. పురుగు పట్టకుండా అందులో కొంచెం మైలతుత్తం కలపాలని సైన్సు టీచరు చెప్పారు. పద్యాలు, పొడుపుకథలు, గాంధీ బొమ్మ... ఇంతే సరుకు. ఒక నెల ఎనిమిదో తరగతి పిల్ల ఒక లెక్క రాసి తెచ్చింది. బడిలో విద్యార్థినులు ఆరువందల పైచిలుకు, మరుగుదొడ్లు నాలుగు, వాటిలో గొళ్ళెం ఉన్నవి రెండు. విరామం పది నిమిషాలు. ఒక్కొక్కరికి ఎన్ని సెకండ్లు? కింద "సమాధానము వచ్చే సంచికలో" అని కూడా రాసింది!

ఆ రోజుల్లో ఆ బడిలో చదివినవాళ్ళకు అది నవ్వులాట కాదు. పొద్దున ఇంటి నుంచి బయలుదేరేటప్పుడే మంచినీళ్ళు మానేసేవాళ్ళం. నెలలో మూడు రోజులు బడికే రానివాళ్ళు ప్రతి తరగతిలోనూ ఉండేవారు. హాజరుపట్టీలో ఆ మూడు రోజులకు కారణం "జ్వరము".

గోడపత్రిక పెట్టిన మధ్యాహ్నమే ఆ కాగితం మాయమైంది. పెద్ద టీచరుగారు ఊడదీయించారు. అరవలేదు, కొట్టలేదు. ఆ చోట మాత్రం మైదా మరక మిగిలింది. మేం నోరెత్తలేదు. అయితే అప్పటికే కార్యదర్శి తన పద్ధతి ప్రకారం సంచికలోని అంశాలన్నీ వరుసగా మినిట్సులో ఎక్కించి ఉంది. "6. మన పాఠశాలలో మరుగుదొడ్లు - ఒక లెక్క" అని శీర్షిక, దాని కింద ఆ అంకెలన్నీ. కొట్టివేతలుండకూడదు గదా, అది అలాగే ఉండిపోయింది. మాఘమాసంలో తనిఖీకి వచ్చిన అధికారి సంఘాల రికార్డులు అడిగారు. మామూలుగా మొదటి పుట, చివరి పుట చూసి సంతకం పెడతారు. ఆయనెవరో నిజంగా చదివే మనిషి. నడుమ పుట దగ్గర ఆగి, "ఈ లెక్కకు సమాధానం ఎంతమ్మా?" అని కార్యదర్శిని అడిగారు. ఆమె "నాలుగు సెకండ్లండి" అంది. వేసవి సెలవుల్లో ఇటుకలు దిగాయి. జూన్‌లో మేం తిరిగి వచ్చేసరికి నాలుగు కాస్తా పది అయ్యాయి, గొళ్ళేలతో సహా.

మా నాన్న నవ్వడం మానేశారు.

ఇక గైడ్స్. 1907లో బేడెన్ పవెల్ బ్రౌన్‌సీ దీవిలో మగపిల్లలతో శిబిరం పెడితే, 1909లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో జరిగిన స్కౌట్ల సమ్మేళనానికి పిలవకపోయినా ఆడపిల్లలు హాజరై మేమూ స్కౌట్లమే అన్నారట. ఆయన 1910లో తన చెల్లెలు ఆగ్నెస్ చేతుల మీదుగా వాళ్ళకు వేరే సంస్థ పెట్టించాడు. మరుసటి ఏడే జబల్‌పూర్‌లో మన దేశపు మొదటి గైడ్ల దళం ఏర్పడింది. స్వాతంత్ర్యం తరువాత 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ పుట్టగా, 1951 ఆగస్టు 15న గర్ల్ గైడ్స్ అందులో కలిశారు. ఈ తేదీలు నాకిప్పటికీ నోటికి రావడానికి కారణం ప్రవేశ్ పరీక్ష. ఆ తరువాత ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపానాలు.

గైడ్లందరూ ఎడమచేత్తో కరచాలనం చేస్తారు. నేను ఇంట్లో చేసి చూపిస్తే మా నాయనమ్మ "ఎడమచేయి చాపడమేమిటే, అప్రాచ్యపు పని!" అని రెండు రోజులు నా చేతి మంచినీళ్ళు తాగలేదు.

మా పెట్రోల్‌కు లీడరు నా స్నేహితురాలు. పక్క పల్లె నుంచి ఎర్రబస్సులో వచ్చేది. ఆరేడుగురి చిన్న దళాన్ని పెట్రోల్ అంటారు. ఆమె తండ్రి మాత్రం "పెట్రోలు బంకులో నీకు లీడరు పనేమిటే?" అని అడిగాడట. ముడుల్లో ఆమెను మించినవాళ్ళు లేరు. రీఫ్ నాట్ కట్టడానికి మేం కుడిది ఎడమ మీద, ఎడమది కుడి మీద అని జపం చేస్తుంటే ఆమె కబుర్లు చెబుతూ కట్టేసేది. గైడ్ కెప్టెన్‌గా ఉన్న మా సోషల్ టీచరుగారు క్లోవ్ హిచ్ నేర్పడానికి పుస్తకంలో బొమ్మ చూస్తూ తడబడుతుంటే, "టీచర్, ఇది దూడను గుంజకు కట్టే ముడే కదండీ" అని ఒక్క విసురుతో వేసి చూపించింది. ఆ రోజు నుంచి ముడుల పాఠం ఆమెదే. టీచరుగారు కూడా పిల్లల వరుసలో నిలబడి నేర్చుకున్నారు. ఈ దృశ్యం నాకు మిగతా అన్నిటికంటే ఇష్టం. తరగతిలో లెక్కల దగ్గర తలవంచుకుని కూర్చునే పిల్ల, తాడు చేతికొచ్చేసరికి ఉపాధ్యాయురాలు అయిపోయింది.

తృతీయ సోపాన్ పరీక్షకు జిల్లా కేంద్రంలో మూడు రాత్రుల శిబిరం. తండ్రి సంతకం కావాలి. ఆమె కాగితం సంతకం లేకుండానే తిరిగి వచ్చింది. టీచరుగారు ఊరుకోలేదు. నన్ను వెంటబెట్టుకుని ఆ పల్లెకు బస్సెక్కారు. వాకిట్లో మంచం వాల్చి, మజ్జిగ ఇచ్చి, ఆయన ఎంతో మర్యాదగా విన్నాడు. అంతా విని, "టీచరుగారూ, మీరు చెప్పింది నేను కాదనను. పగలు ఎంతసేపైనా ఉంచుకోండి, ఏం నేర్పినా నేర్పండి. రాత్రి మాత్రం పిల్ల మా ఇంట్లో ఉండాలి" అన్నాడు. టీచరుగారు ఇంకొక్క మాట కూడా పొడిగించలేదు. నమస్కారం పెట్టి లేచారు.

మేం లీడరు లేకుండానే శిబిరానికి వెళ్ళాం. అక్కడ మా గుడారం తాళ్ళు రెండుసార్లు ఊడిపోయాయి. పరీక్ష పాసయ్యాం. నా చొక్కా చేతికి బిళ్ళ వచ్చింది, ఆమెకు రాలేదు.

ఆ తండ్రి మాట మీద నాకు చాలాకాలం కోపం ఉండేది. మా డ్రిల్లు టీచరుకు మాత్రం ఆ మాటలో వేరొకటి వినిపించింది. ఈ సంగతి విని ఆవిడ స్టాఫు రూములో అందరి ముందూ, "అయితే పగలు మనదే కదా! మనమెందుకు సాయంకాలం వాడుతున్నాం?" అన్నారట. అప్పటిదాకా ఖోఖో జట్టు అభ్యాసం నాలుగున్నర గంట కొట్టాక జరిగేది. పల్లెలకు బస్సు నాలుగూ నలభైకి. అది తప్పితే మళ్ళీ ఏడింటికి. కనుక జట్టులో ఎప్పుడూ ఊళ్ళో ఇళ్ళున్నవాళ్ళే, అంటే నాలాంటివాళ్ళే. పొలాల గట్ల మీద పరుగెత్తి కాళ్ళు గట్టిపడ్డ పిల్లలు బస్సు కిటికీలోంచి మా ఆట చూస్తూ పోయేవాళ్ళు. ఆవిడ పెద్ద టీచరుగారితో నెల రోజులు పోరాడి అభ్యాసాన్ని సోమ, బుధవారాల ఆఖరి పీరియడులోకి మార్పించారు. ఆ ఏడు మొదటిసారి పన్నెండుగురిలో ఏడుగురు బస్సు పిల్లలు. నా స్నేహితురాలు వారిలో ఒకతి. నేను ఎగిరిపోయాను! అది న్యాయమే. నాకంటే వాళ్ళు వేగం.

ఎనిమిదో తరగతి నుంచి పరికిణీ మీద వోణీ తప్పనిసరి. ఖోఖో ఆడేటప్పుడు వోణీని నడుము చుట్టూ బిగించి, కొస లోపలికి దోపి పరుగెత్తేవాళ్ళు. ప్రహరీ ఎత్తుగా ఉండడం వల్ల ఎవరూ చూసేవారు కాదు. పెద్దమనిషి అయిన పిల్ల ఆటలేమిటని అనే ఊళ్ళో, అదే పిల్ల అదే వయసులో ఆ గోడ లోపల గంటసేపు నిశ్చింతగా పరుగెత్తింది. ఆడపిల్లల బడి వేరుగా ఉండాలా వద్దా అని వాదించేవారు ఈ గోడ సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. గోడ మూసిపెడుతుంది, నిజమే. కొన్ని ఊళ్ళలో, కొన్ని కాలాల్లో, పరుగెత్తడానికి చోటు కూడా అదే ఇచ్చింది.

ఈ వైభోగం ఎంతోకాలం నిలవలేదు. మేం పదికి వచ్చేసరికి ఫలితాల శాతం కోసం ఆఖరి పీరియడును స్టడీ అవరు చేశారు. ముందు పదో తరగతికి, తరువాత తొమ్మిదికి. సాహితీ సంఘం, ఖోఖో రద్దు కాలేదు సుమండీ. బడి వదిలాక "ఆసక్తి ఉన్నవారికి" అన్నారు. అంతే! మర్నాటి నుంచి బస్సు పిల్లలందరికీ ఒక్కసారిగా ఆసక్తి పోయింది. ఈ "ఆసక్తి ఉన్నవారికి" అన్న మాటను నేను ఆ తరువాత ఎన్నో చోట్ల విన్నాను. విన్నప్పుడల్లా నాకు ఆ నాలుగూ నలభై బస్సు గుర్తుకొస్తుంది.

ఇంటర్‌కి అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి చదివే కళాశాలలో చేరాను. అక్కడ సాహిత్య సంఘం ఎన్నికలప్పుడు ఉపన్యాసకులు "అమ్మాయిలకు ప్రార్థనాగీతం, పూలగుత్తులు" అని కేటాయించారు. మేం నలుగురం, బాలికల బడి సరుకు, మినిట్సు పుస్తకం ఎవరు రాస్తారని అడిగాం. ఎవరూ రాయరని తెలిసింది. ఆ రెండేళ్ళూ మేమే రాశాం. అడిగేవాళ్ళు లేకపోతే ఆ పుస్తకమే ఉండేది కాదు.

ఆ తండ్రి చెప్పిన పగలు-రాత్రి చిక్కును తరువాతి కాలంలో వేరే దారిన తప్పించారు. 2004లో మొదలైన కస్తూరిబా బాలికా విద్యాలయాల్లో పిల్ల అక్కడే ఉంటుంది, బస్సు గొడవ లేదు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. నిజామాబాదు జిల్లా పాకాల అమ్మాయి, సాంఘిక సంక్షేమ గురుకులం విద్యార్థిని. ఆ ప్రతిభ ఆమెదే, సందేహం లేదు. గురుకులంలో సాయంకాలాలూ, సెలవులూ కూడా బడి చేతిలోనే ఉండబట్టి ఆ ప్రతిభ కొండదాకా వెళ్ళగలిగింది. అయితే అందరు పిల్లలనూ ఇల్లు విడిపించి చదివించలేం, విడిపించనక్కరలేదు కూడా. రోజూ ఇంటికి వెళ్ళే పిల్లల లెక్క మళ్ళీ ఆఖరి పీరియడు దగ్గరికే వస్తుంది.

నా స్నేహితురాలికి పది తప్పగానే పెళ్ళయింది. చాలా ఏళ్ళు మా మధ్య ఉత్తరాలు కూడా లేవు. నిరుడు ఒక పెళ్ళిలో కలిసి, పట్టుబట్టి వాళ్ళ ఊరు తీసుకెళ్ళింది. ఇరవై ఏళ్ళకు పైగా డ్వాక్రా సంఘంలో ఉంది, లెక్కలూ రాతలూ ఆమెవే. లెక్కల దగ్గర తలవంచుకున్న పిల్లే! పుస్తకాలు తీసి చూపించింది. పొదుపు, అప్పు, వాయిదా, వడ్డీ, అన్నీ గళ్ళు కట్టి ఉన్నాయి. కొట్టివేసిన చోట పొట్టి సంతకం. "ఇదెక్కడ నేర్చావే?" అంటే, "నువ్వూ అక్కడే కదుటే నేర్చావు" అని నవ్వింది.

మనవరాలు ఆమె దగ్గరే ఉండి, ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఉన్నత పాఠశాలలో ఏడు చదువుతోంది. పిల్లకు త్రోబాల్ పిచ్చి. అభ్యాసం బడి వదిలాక. ఆటో మాత్రం వదిలిన పది నిమిషాలకే బయలుదేరుతుంది. ఈమె సంరక్షకురాలి హోదాలో పాఠశాల యాజమాన్య కమిటీలో సభ్యురాలైంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీల్లో సగం మంది ఆడవాళ్ళుండాలి. మొదటి సమావేశంలోనే లేచి, ఆటల అభ్యాసం ఆఖరి పీరియడులోకి మార్చాలని అడిగింది. స్టడీ అవరు పోతుందని హెడ్మాస్టరుగారు అన్నారు. ఆటో పిల్లలు ఎంతమంది, జట్టులో ఎంతమంది అని ఈమె లెక్క తీసింది. ఎనభైకి పైగా ఆటో పిల్లలు, జట్టులో ఒక్కరూ లేరు. చర్చ తెగలేదు. "పోనీ, రాసుకోండి సార్" అందట. తీర్మానం రాశారు, ఈమె ప్రతిపాదించినట్టు, ఇంకొకావిడ బలపరిచినట్టు. నేను బయలుదేరేటప్పటికి రెండో సమావేశం ఇంకా పది రోజులుంది. ఆ పుట నకలు మాత్రం మడిచి పర్సులో పెట్టుకుని తిరుగుతోంది.